ఆగయ్య నవలలో మాటలు

ఆగయ్య నవలను నేను నాలుగుసార్లు టైపు చేశాను. లోకంలో దాన్ని అన్నిసార్లు చదివినవాడు ఇంకొకడు లేడు, రాసిన ఆగయ్యతో సహా. అందుకని అతని గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. దాన్ని చెడగొట్టిందీ నేనే కాబట్టి, చెప్పకుండా తప్పించుకునే వీలు కూడా లేదు.

నా పేరు రాంప్రసాద్. సూరత్‌లో పాండేసరా దాటి వడోద్ వైపు మలుపు తిరిగితే రోడ్డు పక్కన నా దుకాణం. తెలుగులో పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, బతుకమ్మకు ఫ్లెక్సీలు వేస్తాను. గుజరాతీ, హిందీ వేసేవాళ్లు గల్లీకి నలుగురున్నారు. తెలుగు మాత్రం నేనొక్కడినే. ఆ గర్వం నాకు బాగానే ఉండేది. పెండ్లి పత్రికలో శ్లోకం తప్పు లేకుండా కొట్టగలిగినవాడికి సాహిత్యం కూడా వచ్చినట్టే అని నా లెక్క.

పదేళ్ల కిందట, మగ్గాలకు సెలవున్న రోజు, ఆగయ్య దుకాణంలోకి వచ్చాడు. నలభై దాటిన మనిషి, బక్కగా, తలలో దూది పోగులు తట్టుకుని ఉన్నాయి. చేతిలో చీరల కట్టలకు చుట్టే ప్లాస్టిక్ కవరు. అందులో ఏడు లాంగ్ నోటుబుక్కులు.

"ఏం కార్డన్నా? పెండ్లా, పుట్టెంటికలా?" అని అడిగాను.

"కార్డు గాదు తమ్మీ. నవల!" అని అరిచాడు. రోడ్డవతల చాయ్ తాగేవాళ్లు కూడా ఇటు తిరిగారు.

మగ్గాల దగ్గర పాతికేళ్లు పనిచేసినవాళ్లు అలాగే మాట్లాడతారు. వాళ్లకు వినబడదు కాబట్టి ఎవరికీ వినబడదనుకుంటారు. ఆగయ్యది సిరిసిల్ల పక్క పల్లె. పందొమ్మిదేళ్లప్పుడు సూరత్ వచ్చాడు. ఖటోదరాలో ఒక ఖాతాలో పన్నెండు మగ్గాలు చూస్తాడు. ఖాతా అంటే ఇక్కడ మగ్గాల షెడ్డు. పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి.

ఇది రెండోసారి రాసిన నవల అని చెప్పాడు. మొదటిసారి రాసింది ఒక వారపత్రిక పోటీకి పోస్టులో పంపాడట. మళ్లీ రాలేదు. జిరాక్స్ తీయించలేదా అంటే నా వైపు వింతగా చూశాడు.

"తాకా నేసి ఇచ్చినంక మళ్ల మనకు అగుపడ్తదా తమ్మీ? సేటు తీస్కపోతడు, ఎటో పోతది. గిది గూడ గంతే అనుకున్న."

తాకా అంటే నూరు మీటర్ల బట్ట. నేసినవాడు దాన్ని మళ్లీ చూడడు, ఎవరు కట్టుకున్నారో తెలియదు. ఆ అలవాటు కొద్దీ నాలుగేళ్లు రాసిన ఏకైక ప్రతిని తపాలా డబ్బాకు అప్పగించి, చేతులు దులుపుకుని డ్యూటీకి వెళ్లిన మనిషి. ఏడాది ఎదురుచూసి, మళ్లీ మొదటి పేజీ నుంచి మూడేళ్లు రాశాడు. నాకైతే కోపం వచ్చింది. ఇంత అమాయకుడికి నవలెందుకు అనిపించింది.

అతని భార్య లలితమ్మ ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. చుట్టాల పెండ్లి పత్రిక కోసం వచ్చినప్పుడల్లా నా దగ్గర మొగుడి మీద ఫిర్యాదు చేసేది. "కూసుంటె నిద్రవోతడు. అందుకని నిలవడి రాస్తడు. ఎక్కడా? ఫ్రిజ్జు మీద. నేను పాలగిన్నె తీసుకోవాలంటే ఈయన ఒక వాక్యం అయిపోయేదాక ఆగాలె. గిదేం రోగం అన్నా?" అనేది. తిడుతూనే, కొత్త నోటుబుక్కు కొనేది కూడా ఆమే.

ఆ నవల ఎవరి గురించో ఆగయ్య మొదటి రోజే చెప్పాడు. పక్క వరుస మగ్గాల మీద ఇరవై రెండేళ్లుగా నిలబడుతున్న బ్రహ్మచారి గురించి. పేరుకే బ్రహ్మచారి, ముగ్గురు పిల్లల తండ్రి, భార్య భాగ్యలక్ష్మి పోయి చాలా కాలమైంది. నవలలో అతని పేరు లింగమూర్తి.

"వాని కత వాడు అచ్చుల సదువాలె. సదివి, 'అవునన్నా, గిట్లనే అయింది' అనాలె. నాకు గంతే గావాలె తమ్మీ. బహుమానం గిహుమానం ఏమొద్దు" అన్నాడు.

"నోటుబుక్కే ఇయ్యరాదే సదువుమని?"

"ఇచ్చిన. సేతిరాత సదువస్తలేదన్నడు. అచ్చక్షరాలైతే కూడబలుక్కుంట సదువుతడు."

సరేనని టైపు మొదలుపెట్టాను. పెండ్లిళ్ల సీజను కాదు, పని తక్కువగా ఉంది. నలభై పేజీలయ్యాక ఏదో తేడాగా అనిపించింది. వంద పేజీలకు అదేమిటో తెలిసింది. ఈ నవలలో ఎవరూ మాట్లాడరు. మూడొందల పేజీల్లో కొటేషన్ గుర్తు ఒక్కటి లేదు. అంతా సైగలే. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటిదాకా ఎత్తితే చాయ్. చెవి పట్టుకుంటే సేటు వస్తున్నాడని. ఒకడికి ఇంకొకడి మీద కోపం వచ్చిందని చెప్పడానికి, ఆ రోజు అతని మగ్గాల ముందు నుంచి కాక వెనక నుంచి తిరిగి వెళ్లాడని రాశాడు.

"అన్నా, ఇంత పెద్ద నవలల ఒక్కడన్న నోరు దెరువడా?" అని అడిగాను.

"ఖాతాల నోరు దెరిస్తే ఎవనికి ఇనవడ్తది?"

"మరి ఇంటికాడ?"

"ఇంటికొచ్చినా చెవులల్ల అదే మోత. తింటరు, పంటరు." కాస్త ఆలోచించి, "బ్రహ్మచారి గొంతు ఎట్లుంటదో నాకు సరిగ యాదికి గూడ లేదు తమ్మీ. వాని చేతులు మాత్రం బాగ ఎరుక" అన్నాడు.

నేనప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. టైపు చేసి, ప్రింటు తీసి, ఈసారి మూడు ప్రతులు చేయించి ఇచ్చాను.

ఆ తర్వాత ఏళ్ల సంగతి క్లుప్తంగానే చెబుతాను, తలుచుకుంటేనే నీరసం వస్తుంది. పత్రికలకు, ప్రచురణ సంస్థలకు పంపాం. ఒకరు ఎనభై పేజీలు దాటితే తీసుకోలేమన్నారు. ఒకరు చేర్చుకోవడానికి గడువు నిన్నటితో అయిపోయిందన్నారు. ఒకరు నేను వాడిన పాత ఫాంటు తమ దగ్గర తెరుచుకోవడం లేదు, యూనికోడ్‌లో పంపమన్నారు. మార్చే సాఫ్ట్‌వేర్ వేస్తే ఒత్తులన్నీ ఊడి పక్కకు పడ్డాయి. దాన్ని దిద్దేకంటే కొత్తగా కొట్టడమే సుఖమని రెండోసారి టైపు చేశాను. మిగతావాళ్లు జవాబే ఇవ్వలేదు. ఆగయ్య ప్రతి సెలవు రోజూ వచ్చి, "ఏమన్న వచ్చిందా?" అన్నట్టు కళ్లెగరేసేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. చాయ్ తాగి వెళ్లిపోయేవాడు.

కరోనాలో మగ్గాలు ఆగిపోయాయి. చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు, ఆగయ్య ఉండిపోయాడు. రెండు నెలల ఖాళీ, ఇంకో నవల రాసేస్తాడనుకున్నాను. ఒక్క వాక్యం రాయలేదు. చప్పుడు లేకపోతే పెన్ను కదలడం లేదన్నాడు. లలితమ్మ పాలగిన్నె తీసుకోవడానికి మాత్రం ఆ రెండు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా పోయింది.

మూడేళ్ల కిందట హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. చిన్న ప్రచురణ సంస్థ. ఆగయ్యకు ఫోన్లో వినబడదు కాబట్టి ఎక్కడికి పంపినా నా నంబరే రాసేవాళ్లం. ఆగయ్య అప్పుడు నా దుకాణంలోనే ఉన్నాడు. స్పీకర్ పెట్టాను.

"విషయం కొత్తది. సూరత్ మగ్గాల మీద మనకు నవల లేదు" అన్నాడు సంపాదకుడు. "కానీ సంభాషణల్లేకుండా మూడొందల పేజీలు ఎవరు చదువుతారండీ? మాటలు పెట్టి పంపండి, చూద్దాం."

"ఏమన్నడు?" అని ఆగయ్య నా మొహంలోకి చూశాడు.

ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు 'వద్దన్నడు' అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది. నేను గంతులేస్తూ చెప్పాను. ఆగయ్య స్టూలు మీద కూర్చున్నాడు. "మాటలా?" అన్నాడు. అంతే.

ఏడాదిన్నర ప్రయత్నించాడు. ఖాతా బయట చాయ్ బండి దగ్గర నిలబడి ఒక్కొక్కణ్నీ పట్టుకుని, "సేటు పైసలు కట్ చేస్తె నువ్వేమంటవ్‌రా?" అని అడిగేవాడట. వాళ్లు చెప్పింది అచ్చులో వేసేది కాదు. "సావుకబురు ఇంటే ఏమంటవ్?" అని అడిగితే వాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. చివరికి అతను రాసుకొచ్చిన సంభాషణలు 'ఊ', 'పో', 'చాయ్', 'అట్లనా' దాటలేదు. అవి మూడోసారి టైపు చేసి పంపితే, ఇవి సంభాషణలు కావని తిప్పి పంపారు.

"నాతోని గాదు తమ్మీ. బందువెడ్దాం. పాణం ఇసిగింది" అన్నాడు ఆగయ్య.

అక్కడ ఆగిపోయి ఉంటే సరిపోయేది. కానీ నాకు దుర్బుద్ధి పుట్టింది. "నేను రాస్త అన్నా" అన్నాను.

అది అతని మీద ప్రేమతో అన్న మాట కాదు. నిజం చెప్పాలి. ఇరవై ఏళ్లుగా నేను టైపు చేసిన ప్రతి కాగితం పెండ్లి కాగానే చెత్తబుట్టలోకి పోయింది. ఒక్కటైనా అట్టవేసి అల్మారాలో నిలబెట్టేది నా చేతుల మీదుగా రావాలని ఆశ. నలభై రోజులు కూర్చుని, టీవీ సీరియళ్లలో విన్న మాటలన్నీ లింగమూర్తి నోట్లో కుక్కాను. పేజీలు పెరగకూడదని, చోటు చాలని దగ్గర ఆగయ్య రాసిన వాక్యాలు తీసేశాను. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు చేశాను. చేస్తున్నప్పుడు మాత్రం అబ్బో, ఎంత బాగా వచ్చిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆగయ్య ఆ ప్రింటు ఇంటికి తీసుకెళ్లి, పది రోజుల తర్వాత తెచ్చాడు.

"మంచిగనే ఉన్నయ్. సినిమ లెక్కున్నయ్" అన్నాడు. పై కాగితాన్ని అరచేత్తో నిమిరాడు. "గిట్లయితే అచ్చైతదా?"

"అయితది."

"అయితే కానీ. యాబై మూడేండ్లొచ్చినయ్. ఇంకెన్నిసార్లని రాస్త?"

అచ్చయింది. రెండొందల ప్రతులు రచయితే కొనుక్కోవాలని హైదరాబాదు వాళ్ల షరతు. ఒప్పుకున్నాం. కరీంనగర్ నుంచి సూరత్ వచ్చే ప్రైవేటు బస్సులో నాలుగు పెట్టెలు వచ్చాయి. కమ్యూనిటీ హాలులో చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. మాట్లాడినవాళ్లెవరూ చదవలేదు, అయినా బాగా మాట్లాడారు. ఆగయ్య మొదటి ప్రతి బ్రహ్మచారికి ఇచ్చాడు. బ్రహ్మచారి దాన్ని కళ్లకద్దుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. లలితమ్మ ఆ రోజు ఏడ్చింది. పుస్తకం అంత బరువుందని ఆమె ఊహించలేదట.

ఆ తర్వాత మూడు వారాలు ఆగయ్య అన్నం సరిగ్గా తినలేదని ఆమే చెప్పింది. బ్రహ్మచారి కూడబలుక్కుంటూ రోజుకు ఐదారు పేజీలు చదువుతున్నాడు. ఖాతాలో మగ్గాల మధ్య ఎదురుపడితే ఆగయ్య పుస్తకం తెరిచినట్టు రెండు అరచేతులు చూపించేవాడట. బ్రహ్మచారి ఇంకా కాలేదని తల ఊపేవాడట.

నాలుగో వారం సెలవు రోజున ఆగయ్య నా దుకాణంలో కూర్చుని ఉండగా బ్రహ్మచారి వచ్చాడు. పుస్తకం మధ్యలో వేలు పెట్టుకుని ఉన్నాడు. నాకు పరిచయమే కానీ అతను అంతసేపు మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. సన్నటి గొంతు.

"ఆగన్నా, గీ లింగమూర్తి నేనేనా?"

"నువ్వే" అన్నాడు ఆగయ్య.

"నేను గిన్ని మాటలు ఎన్నడు మాట్లాడలే అన్నా." నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అతను వేలు పెట్టిన పేజీ తెరిచి, ఒక్కొక్క అక్షరం మీద వేలు జరుపుతూ గట్టిగా చదివాడు. "'లింగమూర్తీ! గుండె దిటవు చేసుకో! నీ ఇల్లాలు మనందరినీ విడిచి దివికేగిందయ్యా! ఆ దేవుడికి కళ్లు లేవు!' గిది నువ్వు నాతోని అన్నట్టు రాసినవ్."

అవి నా మాటలు. నలభై రోజుల్లో నేను అన్నిటికంటే మురిసిపోయిన మాటలు.

"ఆ రోజు నువ్వు నాతోని ఒక్క మాట మాట్లాడలే అన్నా" అన్నాడు బ్రహ్మచారి. ఇప్పుడు నవ్వడం లేదు. "ఆఫీసుల ఫోనొచ్చిందని నిన్ను పిలిచిండ్రు. వచ్చినవ్. నా మొదటి మగ్గం బందువెట్టినవ్. పోగు తెగిందేమో అనుకున్న. రెండోది బందువెట్టినవ్. మూడోది. నాలుగోదాని మీద నీ చెయ్యి పడంగనే నాకు తెలిసింది. మిగిలిన ఎనిమిది నేనే బందువెట్టిన. నువ్వు నోటితోని చెప్పుంటె అక్కడనే పడిపోదును. చెప్పలే గావట్టి ఇంటిదాక నడిచిన."

ఖాతాలో చావుకబురు అలాగే చెబుతారని నాకప్పుడే తెలిసింది. ఆ మోతలో ఎవరూ అరవరు. వచ్చి నీ మగ్గాలు ఒక్కొక్కటే ఆపుతారు. ఒకడి మగ్గాలను ఇంకొకడు ముట్టడు, వరసగా ఆపుతున్నాడంటే చావుకబురే.

ఆగయ్య నా వైపు చూడలేదు. "గదే రాసిన" అన్నాడు, ఎప్పటిలా అరవకుండా. "గట్లనే రాసిన బ్రహ్మచారీ. తీసేసిండ్రు."

'తీసేసిండ్రు' అన్నాడు. ఎవరో చెప్పలేదు. చెప్పి నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంత సిగ్గుగా ఉండేది కాదు. ఆ పేజీ నాకు బాగా గుర్తుంది. ఎనిమిది వాక్యాలు. సంభాషణకు చోటు చాలడం లేదని నేనే కొట్టేశాను. మీట నొక్కితే పోయాయి, కంప్యూటర్ చప్పుడు కూడా చేయలేదు.

బ్రహ్మచారి పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తీసుకెళ్లలేదు.

ఆ వారమంతా నేను నిద్రపోలేదనను కానీ, సుఖంగా లేను. తర్వాతి సెలవు రోజు ఆగయ్య ఆటోలో నాలుగు పెట్టెలూ తెచ్చి దుకాణంలో దించాడు. నల్ల జెల్ పెన్నులు ఒక డబ్బా. బల్ల మీద ఒక పుస్తకం తెరిచి, నిలబడి, నా సంభాషణల మీద ఒక్కొక్క వరుసా గీతలు కొట్టడం మొదలుపెట్టాడు.

"అన్నా, ఫైలు నా దగ్గర ఉన్నది. పాతదే మళ్ల అచ్చేపిద్దాం. ఖర్చు నేను పెట్టుకుంట" అన్నాను. చెవిదగ్గరికి వెళ్లి మళ్లీ చెప్పాను.

"మళ్లెప్పుడు తమ్మీ? మళ్ల ఫోన్లు, మళ్ల ఎదురుసూసుడు? నాతోని గాదు. అలిసిపోయిన" అన్నాడు తల ఎత్తకుండా. "గివే ఉన్నయ్. గివే బాగుజేస్త."

ఒక్క పుస్తకానికి పూట పట్టింది. మూడొందల పేజీల్లో నేనెన్ని మాటలు వాగానో అప్పుడు తెలిసింది. రెండొందల ప్రతులకు ఎన్ని సెలవు రోజులు కావాలో లెక్క వేసుకుంటే నాకు కళ్లు తిరిగాయి. అతను వేసుకోలేదు. నేనూ ఒక పెన్ను, ఒక పుస్తకం తీసుకుని కూర్చున్నాను. భాగ్యలక్ష్మి చనిపోయిన పేజీ వచ్చింది. దివికేగిందయ్యా మీద గీత కొట్టాను. దేవుడి కళ్ల మీద కొట్టాను. తర్వాత పక్కన ఖాళీలో ఆ ఎనిమిది వాక్యాలు రాయబోయాను. నాకు నోటికి వచ్చు, నాలుగుసార్లు టైపు చేసినవాణ్ని కదా.

ఆగయ్య నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

"నువ్వు కొట్టెయ్ తమ్మీ. రాసుడు నేను రాస్త."

అందులో కోపం లేదు. అదే నాకు తట్టుకోవడం కష్టమైంది. పుస్తకం అతని ముందుకు జరిపాను.

సాయంత్రానికి రెండు పుస్తకాలయ్యాయి. ఊరి శివారు సచిన్‌లో ఉన్న కొడుకు ఇంటికి వెళ్లి వస్తూ బ్రహ్మచారి రోడ్డు మీద కనబడితే పిలిచాను. ఆగయ్య అప్పుడే రెండోదాంట్లో ఆఖరి వాక్యం రాసి, పేజీ అటు తిప్పి బల్ల మీద జరిపాడు. మార్జిన్‌లో అతని చేతిరాత, గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలు, అచ్చక్షరాల్లా విడివిడిగా రాశాడు. బ్రహ్మచారి నిలబడి చదివాడు. ఎనిమిది వాక్యాలకు చాలాసేపు పట్టింది. వేలు నాలుగో వాక్యం దగ్గర ఆగి, మళ్లీ కదిలింది. చదవడం అయ్యాక అవుననలేదు, కాదనలేదు. పుస్తకం తీసుకున్నాడు. సిరా ఇంకా ఆరలేదు. మూస్తే అక్షరాలు అంటుకుపోతాయని, తెరిచి ఉన్న పుస్తకాన్ని తెరిచినట్టే రెండు చేతుల మీద పట్టుకుని, బస్సుల మధ్య నుంచి జాగ్రత్తగా రోడ్డు దాటి వెళ్లాడు.

ఆగయ్య అతను కనబడనంత దూరం వెళ్లేదాకా చూశాడు. తర్వాత పెట్టెలోంచి మూడో పుస్తకం తీసి నాకిచ్చాడు.